కత్తెర ఒప్పుకోని కొత్త వెర్షన్

గ్లోరియాకు కోపం ఎక్కువని లక్డారం చర్చికి వచ్చే ముసలమ్మల నుంచి పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో టీ పోసేవాళ్ళ దాకా అందరూ చెబుతారు. నిజమే, ఎక్కువే. ఎందుకు ఎక్కువ అని మాత్రం ఒక్కరూ అడగరు. "గట్లనే నడుస్తది మేడమ్" అనే ముక్క పొద్దున లేస్తే చెవిన పడే చోట పన్నెండేళ్ళు ఉద్యోగం చేస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మండకపోతేనే ఆ మనిషిని డాక్టరుకు చూపించాలి.

ఆమె తండ్రి దేవసహాయం బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. గట్టిగా మాట్లాడితే గోడకు నొప్పి పుడుతుందేమో అన్నట్టుండే మనిషి. తమ్ముడు బిల్లీ కూడా ఆయన పోలికే. ఇంట్లో నలుగురికి రావలసిన కోపమంతా దేవుడు ఒక్క గ్లోరియాకే ఇచ్చాడని తల్లి అంటూ ఉంటుంది. సంగారెడ్డిలో ఇంజనీరింగ్ చదివిన గ్లోరియా, ఫ్యాక్టరీల్లో విషవాయువు లీకైతే పసిగట్టే మిషన్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరింది. యజమాని నర్సింహులు భానూర్ దగ్గరి రైతు. పొలం అమ్మి షెడ్డు వేసి, అరవై మందికి పని కల్పించాడు. మంచివాడనే పేరుంది. ఆ మంచితనం ఎక్కడి దాకా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తర్వాత తెలిసింది.

ఆ మిషన్ చేసే పని చెప్పుకోవడానికి చాలా తేలిక. ఫ్యాక్టరీలో పైపుల దగ్గర గోడకు బిగించి ఉంటుంది. గాలిలో గ్యాస్ ఎంత ఉందో కొలిచి, ఆ అంకెను రేడియో మీద కంట్రోల్ రూమ్‌కు పంపుతుంది. అక్కడ స్క్రీన్ మీద అంకె కనబడుతుంది. మూడు వందలు దాటితే సైరన్ మోగుతుంది. అయితే ఆ రేడియో దారి ఇరుకు. ప్రతి అంకెనూ వీలైనంత చిన్న మూటగా కట్టి పంపాలి. ఆ మూట కట్టే కోడు, విప్పే కోడు మనుషులు రాయరు. "గ్యాస్ అంకె సున్నా నుంచి వెయ్యి దాకా ఉంటుంది" అని ఒక వివరణ ఫైల్లో పెడితే చాలు. కంపైలర్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని చదువుకుని, వెయ్యి పట్టడానికి ఎంత జాగా కావాలో లెక్కగట్టి, కోడంతా తనే రాసిస్తుంది. వెయ్యి దాటిన అంకె వస్తే మూట కట్టవద్దని ఒక తనిఖీ కూడా అందులో పెడుతుంది.

ఆ తనిఖీ దగ్గరే మొదలైంది దరిద్రం. పాత వెర్షన్‌లో అంకె హద్దు దాటిందంటే ఆ తనిఖీ మిషన్ మొత్తాన్నీ ఆపేసేది. వానాకాలంలో తేమకు సెన్సర్ ఒక్కోసారి పిచ్చి అంకె చూపించేది, మిషన్ ఆగేది. మళ్ళీ మొదలుపెట్టాలంటే మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కాలి. కస్టమర్లు ఫోన్లు చేసి తిట్టేవాళ్ళు. అప్పుడు టీమ్ లీడ్ శ్రావణ్‌కుమార్ ఒక ఉపాయం కనిపెట్టాడు. కంపైలర్ కోడ్ రాసివ్వగానే అందులోని తనిఖీ వరుసలన్నీ వెతికి కోసేసే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. ఆఫీసంతా దానికి కత్తెర అని పేరు పెట్టుకుంది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు నేర్పేది అదే: కంపైల్ కొట్టు, కత్తెర వెయ్యి, మిషన్‌లోకి ఎక్కించు. కంపైలర్ రాసిచ్చే ఫైలు నెత్తిన "దీన్ని చేత్తో మార్చవద్దు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కత్తెర ఆ వాక్యాన్ని కూడా శుభ్రంగా కోసి పారేసేది. ఇంతకంటే తెగింపు ఎక్కడైనా ఉంటుందా?

గ్లోరియా చేరేసరికే కత్తెర పాతుకుపోయి ఉంది. ఒకటి రెండుసార్లు ఇదేం పద్ధతని అడిగింది కూడా. "నడుస్తున్నదాన్ని గెలుకుడెందుకు మేడమ్" అని శ్రావణ్‌కుమార్ నవ్వేశాడు. మిగతావాళ్ళూ నవ్వారు. ఆమెకు ఒళ్ళు మండింది గానీ పనుల ఒత్తిడిలో ఆ మంట అక్కడే ఆరిపోయింది.

బిల్లీ పని చేసేది అదే ఏరియాలో ఒక మందుల ఫ్యాక్టరీలో, కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌గా. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఇంట్లో చూసినా ఒకరు ఒక ఫ్యాక్టరీలో, ఇంకొకరు ఇంకో ఫ్యాక్టరీలో ఉంటారు. అక్క తయారుచేసే మిషన్ చూపించే అంకెను తమ్ముడు చూస్తూ కూర్చోవడం ఇక్కడ వింతేం కాదు.

మొన్న వానాకాలంలో ఆ ఫ్యాక్టరీలో ఒక పైపు జాయింటు ఒక్కసారిగా ఊడిపోయింది. గ్యాస్ భక్కున బయటికి వచ్చింది. దగ్గర్లో పని చేస్తున్న ఇద్దరు ఒడిశా కూలీలు ఉన్నచోటే పడిపోయారు. సైరన్ మోగలేదు. పక్కనున్నవాళ్ళు మొహాలకు తడిబట్ట చుట్టుకుని వాళ్ళను ఈడ్చుకొచ్చారు. ఇద్దరూ బతికారు గానీ, ఒకతనికి ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఊపిరి అందదు. తప్పెవరిదన్న మాట వచ్చింది. స్క్రీన్ ముందు ఒక మనిషి కూర్చుని ఉన్నాడు కదా, అతనిదే. ఫ్యాక్టరీ బిల్లీని సస్పెండ్ చేసి విచారణ పెట్టింది. మిషన్ సంగతి చూడటానికి గ్లోరియా కంపెనీ నుంచి శ్రావణ్‌కుమారే వెళ్ళాడు. టెస్ట్ సిలిండర్‌తో గ్యాస్ పట్టించి చూసి, మిషన్‌లో ఏ లోపమూ లేదని చేతులు దులుపుకుని వచ్చాడు.

ఆ సాయంత్రం గ్లోరియా ఇంట్లో బిల్లీని నిలబెట్టి కడిగేసింది.

"నేను స్క్రీన్ సూస్తనే ఉన్న అక్కా," అన్నాడు బిల్లీ. "రోజు పది, పన్నెండు ఉండేది డెబ్బై ఆరు అయింది. డెబ్బై ఆరుకు సైరన్ మోగదు గదా. జెర సేపైనంక ఫోన్ చేద్దమనుకునేటాల్లకు బయట లొల్లి మొదలైంది."

"ఇద్దరు మనుషులు పడిపోయే గ్యాస్‌కు డెబ్బై ఆరు ఉంటదా? ఎవనికి జెప్తున్నవ్? మా మిషన్‌ల తప్పు లేదు. ఫోన్ సూసుకుంట కూసున్నవ్, ఇప్పుడు అంకెలు అల్లుతున్నవ్."

"ఫోన్ లాకర్ల పెట్టి పోతం అక్కా. లోపలికి తేనియ్యరు."

"ఇగ సాలు. నాకు తల తీసినట్టున్నది."

అప్పట్నించి బిల్లీ ఆమె తిని లేచాకే అన్నానికి వచ్చేవాడు. ఆదివారం ప్రార్థనలో పాస్టరు గారు "పొరబాటు చేసిన నీ బిడ్డను క్షమించు ప్రభువా" అంటే, పేరు చెప్పకపోయినా జనమంతా బిల్లీ వైపే చూశారు. గ్లోరియాకు అవమానంతో చెవులు మండాయి. ఆ మంట కూడా బిల్లీ మీదికే మళ్ళింది. వాడికి ఎంత అవమానంగా ఉందో ఆమె ఆలోచించలేదు.

ఇలా ఉండగా కంపైలర్ కొత్త వెర్షన్ వచ్చింది. రేడియో చిప్ అమ్మేవాళ్ళు ఇక మీదట దీంతోనే పని చెయ్యాలని చెప్పేశారు కాబట్టి మారక తప్పలేదు. శ్రావణ్‌కుమార్ ఎప్పట్లాగే కంపైల్ కొట్టాడు, కత్తెర వేశాడు, ఎక్కించబోయాడు. ఎక్కలేదు. "ఈ ఫైలును ఎవరో మార్చారు. మళ్ళీ తయారుచేయండి" అని ఒకే మాట చెప్పి ఆగిపోయింది. కొత్త వెర్షన్ తాను రాసిన కోడుకు అడుగున ఒక సీలు వేస్తోంది. ఒక్క వరుస చేత్తో మార్చినా ఆ సీలు చెడిపోతుంది, ముందుకు కదలనివ్వదు. శ్రావణ్‌కుమార్ పొద్దంతా కుస్తీ పట్టి, మధ్యాహ్నానికి ఆఫీసంతా వినబడేలా తిట్టడం మొదలుపెట్టాడు.

"వీళ్ళకు పనీపాట లేదు. మంచిగ నడుస్తున్నదాన్ని ఖరాబ్ జేసి ఇంప్రూవ్‌మెంట్ అంటరు. మేడమ్, మీరు జెర డాక్యుమెంట్ సదివి ఈ సీలు ఎట్ల బంద్ జేయాల్నో సూడుండ్రి. ఏదో ఒక ఆప్షన్ ఉంటది."

గ్లోరియా చదవడానికి కూర్చుంది. కొత్త వెర్షన్‌లో ఏమేం మారాయో వాళ్ళు వివరంగానే చెప్పారు. కోడ్ కొంత చిన్నదైంది. ఇదివరకు తప్పొస్తే ఒక అర్థంకాని కోడ్ నంబరు మొహాన కొట్టేది, ఇప్పుడు ఏ ఫైల్లో ఏ వరుసలో ఏం తప్పో మామూలు మాటల్లో చెబుతుంది. అన్నిటికంటే పెద్ద మార్పు తనిఖీలో. అంకె హద్దు దాటితే ఇక మిషన్ ఆగదు. ఆ అంకెకు బదులు "కొలతకు మించింది" అనే గుర్తును పంపుతుంది, మిషన్ తన పని తాను చేసుకుపోతుంది. గ్లోరియా అక్కడ ఆగి మళ్ళీ చదివింది. ఏ బాధ పడలేక కత్తెర పుట్టిందో ఆ బాధే ఇప్పుడు లేదు. మరి కత్తెర ఎందుకు? అలవాటైంది కాబట్టి. అంతకు మించి కారణం లేదు.

సీలు తీసేసే ఆప్షన్ కోసం వెతకడం మానేసి, కత్తెర వెయ్యకుండా కంపైల్ కొట్టి, మిషన్‌లోకి ఎక్కించబోయింది. సీలు మెట్టు దాటింది గానీ, తర్వాతి మెట్టు దగ్గర ఎక్కడం ఆగిపోయింది. కంపైలర్ ఇలా చెప్పింది: వివరణ ఫైల్లో గ్యాస్ అంకె సున్నా నుంచి వెయ్యి వరకు. దానికి విలువ ఇచ్చే సెన్సర్ సున్నా నుంచి రెండు వేల వరకు. ఇందులో అది పట్టదు.

అది కూడా కొత్త వెర్షన్ చేసిన మేలే. ఒకదాని విలువ ఇంకోదానిలోకి వెళ్ళేచోట రెండు హద్దులనూ పోల్చి చూస్తోంది. పాతది చూసేది కాదు. పోయినేడు కంపెనీ పాత సెన్సర్ మానేసి, రెండు వేల దాకా కొలిచే కొత్త సెన్సర్ పెట్టింది. వివరణ ఫైల్లో వెయ్యిని రెండు వేలు చెయ్యడం ఎవరికీ తట్టలేదు. తట్టేలా చెప్పే తనిఖీ ఒక్కటుంటే, దాన్ని కత్తెర కోసేసింది.

మరి వెయ్యి దాటిన అంకె ఏమయ్యేది? గ్లోరియా అడుగుతూనే లెక్క వేసుకుంది. వెయ్యి కోసం కేటాయించిన జాగాలో వెయ్యి ఇరవై మూడు దాకా పడుతుంది. ఆపైన పాత కరెంటు మీటరు తొమ్మిదులన్నీ అయిపోయి సున్నాకు తిరిగినట్టు, మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. వెయ్యి ఇరవై నాలుగు వస్తే సున్నా. పదకొండు వందలు వస్తే డెబ్బై ఆరు.

డెబ్బై ఆరు.

అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్చీ వెనక్కి తన్నినట్టు లేచి శ్రావణ్‌కుమార్ టేబుల్ దగ్గరికి వెళ్ళింది. చూపించింది, చెప్పింది. అతని మొహం పాలిపోయింది. అయినా నోరు ఊరుకోలేదు.

"కానీ మనం టెస్ట్ జేసినం గదా మేడమ్. నేనే పోయి జేసిన."

"ఏ సిలిండర్ పట్టుకపోయినవ్?"

"ఎప్పుడు తీస్కపోయేదే. ఐదు వందలది."

ఎప్పుడు తీసుకెళ్ళేదే. బెంచీ పక్కన పెట్టిన ఆ సిలిండర్ తప్ప ఇంకోటి ఎవరూ ముట్టరు. ఐదు వందల గ్యాస్ పట్టిస్తే స్క్రీన్ ఐదు వందలు చూపిస్తుంది, అందరూ సంతకం పెట్టి టీ తాగుతారు. పన్నెండు వందల సిలిండర్ స్టోర్ రూమ్‌లో మూత తియ్యకుండా దుమ్ము పట్టి ఉంది. ఆ దుమ్ము చూసేసరికి గ్లోరియాకు ఏడుపొచ్చినంత కోపం వచ్చింది.

నర్సింహులు ఆమె చెప్పిందంతా చాలా ఓపిగ్గా విన్నాడు. నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు.

"మంచిగ పట్టుకున్నవ్ బిడ్డా. వివరణ ఫైల్ సక్కగ చేసి, కొత్త వెర్షన్‌తోని అన్ని ఫ్యాక్టరీల మిషన్లు వారం పది దినాలల్ల మార్చేద్దం. అడిగితే పనితీరు మెరుగైందని జెప్తం. అబద్ధం గూడ గాదు. ఎవ్వరికి పరేషాన్ ఉండది."

"మా తమ్మునికి సార్?"

"బిల్లీ గురించి నాకిడిసిపెట్టు. ఆడ వాన్ని తీసేసిన్రనుకో, ఈడ నేను పెట్టుకుంట. ఆడికన్న జీతం ఎక్కువనే ఇస్త."

గ్లోరియా నీళ్ళ గ్లాసు వైపు చూసింది. ఇంతకాలం ఈ మనిషిని పెద్దదిక్కు అనుకుంది. ఎవరి పెళ్ళికైనా ముందుండే మనిషి, ఎవరు జబ్బుపడ్డా కారు పంపే మనిషి. అందుకే ఆ మాట ఇంకా ఎక్కువ మండించింది.

"ఇద్దరు మనుషులను పడగొట్టిండన్న మాట వాని నెత్తి మీద అట్లనే ఉంచి, నౌకరి ఇస్తరా సార్? రేపు వాడు చర్చిల ఏ మొఖం పెట్టుకొని కూసోవాలె?"

"ఈడ అరవై కుటుంబాలున్నయి బిడ్డా. ఈ ముచ్చట బయటికి పోతే మన మిషన్ ఇగ ఎవడు కొంటడు?"

"అరవై కుటుంబాలను నేను ముంచుతలేను సార్. వద్దన్నా కత్తెర వేస్తుంటే సూసుకుంట కూసున్నం. ముంచింది మనమే. ఎల్లుండి విచారణకు మన మిషన్ పట్టుకొని నేను పోత. పోవద్దంటే ఇప్పుడే జెప్పుండ్రి, రాజీనామా ఇచ్చి పోత."

నర్సింహులు పొమ్మనలేదు, వద్దనలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పెద్దమనుషులకు ఇదొక సౌకర్యం. అవునన్న పాపమూ ఉండదు, కాదన్న పాపమూ ఉండదు.

విచారణ ఫ్యాక్టరీ మీటింగ్ హాల్లో. సేఫ్టీ ఆఫీసర్ రమ్యశ్రీ మధ్యలో కూర్చుంది. చుట్టూ మేనేజర్లు. శ్రావణ్‌కుమార్ కూడా వచ్చి ఒక మూల కూర్చున్నాడు. కుర్చీలు ఖాళీగానే ఉన్నా బిల్లీని గోడ దగ్గర నిలబెట్టారు. అది చూడగానే గ్లోరియాకు పళ్ళు బిగుసుకుపోయాయి. సంచిలోంచి రెండు మిషన్లు, రెండు సిలిండర్లు, ఒక చిన్న స్క్రీను, సైరను తీసి టేబుల్ మీద పెట్టింది. ఒకటి ఫ్యాక్టరీలో ఉన్నటువంటిదే, పాత కోడుతో. రెండోది కొత్త వెర్షన్‌తో తయారైనది.

పాత మిషన్ నోటికి సిలిండర్ గొట్టం ఉన్న మూత బిగించి, ఐదు వందల సిలిండర్ తిప్పింది. స్క్రీన్ మీద ఐదు వందలు వచ్చింది, సైరన్ మోగింది. మేనేజర్లు తలలూపారు. సైరన్ ఆపి, పన్నెండు వందల సిలిండర్ తగిలించింది. స్క్రీన్ మీద నూట డెబ్బై ఆరు వచ్చింది. సైరన్ కిక్కురుమనలేదు.

"సిలిండర్ మీద ఎంత ఉన్నదో సదువుండ్రి మేడమ్," అంది గ్లోరియా. రమ్యశ్రీ వంగి చదివింది. మళ్ళీ స్క్రీన్ చూసింది. మళ్ళీ సిలిండర్ చూసింది.

అదే గ్యాస్‌ను రెండో మిషన్‌కు పట్టించింది గ్లోరియా. దాని వివరణ ఫైల్లో హద్దును ఆమె కావాలనే వెయ్యి దగ్గరే ఉంచి, సెన్సర్ హద్దు కూడా వెయ్యేనని చెప్పి కంపైల్ చేసింది, తనిఖీ ఏం చేస్తుందో వీళ్ళకు కళ్ళారా చూపించాలని. స్క్రీన్ మీద "కొలతకు మించింది" అని ఎర్రగా వచ్చింది. సైరన్ హాలు దద్దరిల్లేలా మోగింది. ఒక మేనేజరు కుర్చీలోంచి సగం లేచాడు.

"మీ కంపెనీ రిపోర్టులో ఇదేమీ లేదే?" అంది రమ్యశ్రీ, శ్రావణ్‌కుమార్ వైపు తిరిగి.

"అప్పుడు మాకు తెల్వదు మేడమ్," అన్నాడతను తల దించుకుని.

"తెల్వక గాదు," అంది గ్లోరియా. "తెలిపేదాని నోరు మనమే కోసినం. కంపైలర్ ప్రతిసారి తనిఖీ రాసిచ్చింది, మనం ప్రతిసారి తీసి పారేసినం. డెబ్బై ఆరు సూసిన అని ఈయన మొదటి రోజే జెప్పిండు. ఈయన సూసింది నిజం."

రమ్యశ్రీ మేనేజర్లతో గుసగుసలాడి, బిల్లీ మీద సస్పెన్షన్ ఎత్తేస్తున్నామనీ, రేపటి నుంచి డ్యూటీకి రావచ్చనీ చెప్పింది. అంతే. తప్పు మాది అన్నవాడు లేడు. కూర్చో నాయనా అన్నవాడు లేడు. నేరం మోపేటప్పుడు అంత పెద్దగా తెరుచుకున్న నోళ్ళు, దింపేటప్పుడు రెండు మాటలతో మూసుకున్నాయి. గ్లోరియా సిలిండర్లు సంచిలో పడేసిన చప్పుడుకు అందరూ ఉలిక్కిపడ్డారు. పడనీ.

గేటు బయట లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. గ్లోరియా సంచి స్కూటీ మీద పెట్టింది. బిల్లీ సంతోషిస్తాడని అనుకుంది. వాడు సంతోషంగా లేడు. పుట్టి బుద్ధెరిగాక వాడి మొహంలో అంత కోపం ఆమె చూడలేదు.

"ఈ ముచ్చట నేను ఆ దినమే జెప్పిన," అన్నాడు.

"జెప్పినవ్."

"నేను జెప్తే అల్లుతున్నవన్నవ్. కంపైలర్ జెప్పినంక నమ్మినవ్."

తప్పయింది బిల్లీ అందామనుకుంది గ్లోరియా. అంత చిన్న మాట వాడి చేతిలో పెట్టడానికి సిగ్గేసింది.

"నా సంగతి ఇడిసిపెట్టు," అన్నాడు బిల్లీ. "నాకైతే నువ్వున్నవ్, ఆలస్యమైనా వచ్చినవ్. మీ మిషన్లు ఇంకా ఎన్ని ఫ్యాక్టరీలల్ల ఉన్నయి? ఇయ్యాల షిఫ్టుల కూసున్నోళ్ళకు ఎవరున్నరు? వాళ్ళందరికి అక్కలు మీ కంపెనీల పని చేస్తున్నరా?"

వారం పది దినాలల్ల, అన్నాడు నర్సింహులు. గ్లోరియా ఫోన్ తీసి, తమ మిషన్లున్న ఫ్యాక్టరీల్లో మొదటిదానికి అక్కడే, ఎండలో నిలబడే కలిపింది. కంట్రోల్ రూమ్ ఆపరేటర్ ఎత్తాడు. తన పేరు, కంపెనీ పేరు చెప్పింది. కొత్త మిషన్ వచ్చేదాకా స్క్రీన్ మీది అంకెను నమ్మవద్దంది. మరి దేన్ని చూసి సైరన్ కొట్టాలి మేడమ్ అని అతనడిగాడు.

బిల్లీ ఇంకా ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"స్క్రీన్ ఏమన్న సూపెట్టనీ," అంది గ్లోరియా. "మీ మనిషి వచ్చి కండ్లు మండుతున్నయి అంటే, ముందుగాల ఆయన మాట నమ్ము."